కంపవాతమూ, కృత్రిమ భుజమూ

మన శరీరంలో ఉన్న కీళ్లన్నిటిలోను అత్యధికమైన స్వేచ్ఛతో తిరుగగలిగినది భుజపు కీలు. ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద పై వరుస వ్రాయాలన్నా, అటక మీది డబ్బా దింపాలన్నా, తల దువ్వుకోవాలన్నా, చొక్కా తొడుగుకోవాలన్నా ఈ కీలు సహకరించవలసిందే. ముందుకు, వెనుకకు, ప్రక్కకు, గుండ్రంగా, ఎటు త్రిప్పినా ఇంత దూరం తిరిగే కీలు మనకు మరొకటి లేదు.

ఈ స్వేచ్ఛ మనకు ఊరక లభించలేదు. భుజపు కీలు, తుంటి కీలు రెండూ బంతిగిన్నె కీళ్లేనని పాఠ్యపుస్తకాలలో చదువుకుంటాం. కాని రెండింటికీ చాల భేదం ఉన్నది. తుంటిలో తొడ ఎముక తల లోతైన గిన్నెలో, రుబ్బురోటి గుంటలో పొత్రం కూర్చున్నట్లు, కుదురుగా కూర్చుంటుంది. భుజంలో అట్లా కాదు. భుజాస్థి తల పెద్దది; అంసఫలకం అంచున దానికి ఆధారమిచ్చే గుంట చిన్నది, లోతు లేనిది. చిన్న మూకుడు మీద పెద్ద నిమ్మపండు నిలిపినట్లు ఉంటుంది ఈ అమరిక. మరి ఆ పండు దొర్లిపోకుండా పట్టి ఉంచేది ఏమిటి? సంధిబంధనాలు కొంతవరకు పట్టి ఉంచుతాయి. అసలు భారం మాత్రం కీలు చుట్టూ పట్టీవలె అల్లుకొన్న నాలుగు కండరాలదీ, వాటి పైన భుజశిరస్సును కప్పి ఉండే డెల్టాయిడ్ అనే త్రికోణాకారపు కండరానిదీ. ఈ కండరాలు ఏ క్షణాన ఎంత బిగువుగా ఉండాలో, ఏది లాగాలో, ఏది సడలాలో మెదడు ఆజ్ఞాపిస్తుంది. కాబట్టి తుంటి కీలు ఎముకల బలం మీద నిలిస్తే, భుజపు కీలు ఆజ్ఞల క్రమం మీద నిలుస్తున్నదని చెప్పవచ్చును.

ఈ ఆజ్ఞల క్రమమే చెడిపోయే వ్యాధి ఒకటి ఉన్నది. అది పార్కిన్సన్ వ్యాధి. మన దేశపు వైద్యంలో దీనిని పోలిన లక్షణాలకు కంపవాతమని పేరు. నేడు తెలుగులో పార్కిన్సన్ వ్యాధిని కూడ ఆ పేరుతోనే పిలుస్తున్నాం. ఈ వ్యాధి ఉన్నవారికి భుజపు కీలు అరిగిపోయినా, ఎముక విరిగిపోయినా ఏమి చేయాలి? లోహపు కీలు అమర్చవచ్చునా? అమర్చితే, క్రమం తప్పిన కండరాలు దానిని నిలుపగలవా? ఈ ప్రశ్నలకు సమాధానం ఒక్కనాటిది కాదు. నాడీవైద్యం, శస్త్రవైద్యం, రసాయనశాస్త్రం వేరు వేరు దారులలో నడిచి, దాదాపు రెండు వందల సంవత్సరాలకు ఒకచోట కలిసినవి. ఆ కథే ఈ వ్యాసం.

వీథిలో చూచిన రోగులు

లండన్ నగరంలో హోక్స్‌టన్ అనే పేటలో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడుండేవాడు. 1755లో జన్మించిన ఇతడు బహుముఖ ప్రజ్ఞావంతుడు. శిలాజాలను గురించి పెద్ద గ్రంథం వ్రాసినాడు. 1807లో లండన్ భూవిజ్ఞాన సంఘాన్ని స్థాపించినవారిలో ఇతడొకడు. కాని ఇతని పేరు నిలిచిపోయినది 66 పుటల చిన్న పుస్తకం వలన. 1817లో వెలువడిన ఆ పుస్తకంలో ‘వణుకు పక్షవాతం’ అనే పేరుతో ఒక వ్యాధిని వర్ణించినాడు.

ఆ వర్ణనకు ఆధారం ఆరుగురు రోగులు. వారిలో అందరూ అతని వద్దకు చికిత్సకు వచ్చినవారు కారు. కొందరు వీథిలో తారసపడినవారు. ఒకరినైతే దూరం నుండి చూడడమే జరిగినది. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడ వణికే చేయి, ముందుకు వంగిన శరీరం, ఆపుకోలేక పరుగువలె సాగే నడక, వీటిని పార్కిన్సన్ శ్రద్ధగా గమనించినాడు. ప్రయోగశాల లేకుండ, పరికరం లేకుండ, కేవలం కన్నులతో చూచి వ్రాసిన ఆ వర్ణన నేటికీ వైద్య విద్యార్థులకు ఆదర్శమే. అదే పుస్తకంలో భుజపు కండరంలో నొప్పితో మొదలై ఆ బాధ చేతి పొడవునా పాకిన మరొక వ్యక్తిని గురించి కూడ ప్రస్తావించినాడు. భుజానికీ, ఈ నాడీవ్యాధికీ ఉన్న సంబంధం తేలడానికి తరువాత నూట డెబ్బది ఏళ్లకు పైగా పట్టినది.

పార్కిన్సన్ వ్రాసినదానిని లోకం వెంటనే పట్టించుకోలేదు. దానిని పైకి తెచ్చినవాడు ఫ్రెంచి నాడీవైద్యుడు జాన్ మార్టిన్ షార్కో. పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో వేలాది రోగులను పరిశీలించే అవకాశం ఇతనికి లభించినది. ఈ వ్యాధిని పక్షవాతమనడం సరికాదని షార్కో వాదించినాడు. రోగి కండరాలలో బలం చాలాకాలం నిలిచే ఉంటుంది. పోయినది బలం కాదు, కదలికలోని సౌలభ్యం. కండరాలు బిగుసుకొనిపోతాయి, పని నెమ్మదిస్తుంది. వణుకు లేని రోగులు కూడ ఉంటారు. కనుక ‘పార్కిన్సన్ వ్యాధి’ అని పిలవడమే ఉచితమని అతడు సూచించినాడు. ఆ పేరే స్థిరపడినది.

షార్కో చేసిన మరొక ఆవిష్కరణ మన కథకు ముఖ్యమైనది. వెన్నుపాములోని నాడులు చెడిపోయిన కొందరు రోగులకు కీళ్లు కూడ క్రమంగా శిథిలమవుతాయని అతడు 1868లో నిరూపించినాడు. కీలు చెడడానికి కారణం కీలులోనే ఉండనక్కరలేదు, దూరంగా నాడులలో ఉండవచ్చునని దీనివలన తెలిసినది. పార్కిన్సన్ వ్యాధి కీళ్లను ఈ విధంగా శిథిలం చేయదు, నిజమే. కాని కీలును చూచే వైద్యుడు నాడిని మరువరాదనే పాఠం మాత్రం ఆనాడే వ్రాసిపెట్టబడినది.

రబ్బరు బంతి, ప్లాటినం గొట్టం

ఇక రెండవ దారికి వద్దాం. చెడిపోయిన కీలును తీసివేసి దాని స్థానంలో కృత్రిమమైన కీలును పెట్టాలనే ఆలోచన పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో పుట్టినది. అంతకు ముందు అది సాధ్యం కాదు. 1846లో ఈథర్ మత్తు బహిరంగంగా ప్రదర్శింపబడినది. 1867లో లిస్టర్ క్రిమినాశక పద్ధతిని ప్రకటించినాడు. ఈ రెండూ వచ్చిన తరువాతనే శస్త్రవైద్యుడు కీలును తెరిచి చూచే ధైర్యం చేయగలిగినాడు.

1890లో బెర్లిన్ నగరంలో థెమిస్టోక్లెస్ గ్లుక్ అనే శస్త్రవైద్యుడు ఏనుగు దంతంతో కృత్రిమమైన మోకాలి కీలును చేయించి రోగికి అమర్చినాడు. ఆలోచన గొప్పదే. కాని ఆ రోజులలో ఇటువంటి చికిత్స అవసరమయ్యే కీళ్లు ఎక్కువగా క్షయ సోకినవి. సూక్ష్మజీవులు తిష్ఠ వేసిన చోట పరాయి వస్తువును పెడితే చీము పట్టక మానదు. గ్లుక్ ప్రయత్నాలు ఆ కారణంగానే విఫలమైనవి.

మూడేళ్ల తరువాత, 1893లో, పారిస్‌లో జూల్ పేయాఁ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుని వద్దకు 37 ఏళ్ల రోగి వచ్చినాడు. అతని భుజాన్ని క్షయ తినివేస్తున్నది. చేయి తీసివేయడమే ఆనాటి మార్గం. రోగి అందుకు ఒప్పుకోలేదు. అప్పుడు పేయాఁ ఒక దంతవైద్యుని సహాయం కోరినాడు. ఆ దంతవైద్యుడు ప్లాటినం గొట్టాన్ని భుజాస్థికి బదులుగా, పారఫిన్‌లో మరగించి గట్టిపరచిన రబ్బరు బంతిని భుజాస్థి తలకు బదులుగా కూర్చి, ప్లాటినం తీగలతో బిగించి ఒక కీలును తయారు చేసినాడు. పేయాఁ దానిని రోగి భుజంలో అమర్చినాడు. మానవునికి అమర్చిన మొదటి కృత్రిమ భుజం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. రోగి కొంతకాలం చేయి ఉపయోగించుకోగలిగినాడు. కాని క్షయ తిరగబెట్టినది. సుమారు రెండేళ్ల తరువాత ఆ కీలును తీసివేయవలసి వచ్చినది. అది తరువాత అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు చేరినది.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. పేయాఁ ఈ శస్త్రచికిత్స చేసిన 1893వ సంవత్సరంలోనే షార్కో మరణించినాడు. ఇద్దరూ ఒకే నగరంవారు, ఒకే కాలంవారు. అయినను ఒకరి విద్యకు మరొకరి విద్యతో పని పడలేదు. కీళ్లవారు కీళ్లను, నాడులవారు నాడులను చూచుకొంటూ మరి వందేళ్లు గడిపినారు.

నీర్ చేసిన మార్పు

పేయాఁ తరువాత ఆరు దశాబ్దాల వరకు కృత్రిమ భుజానికి చెప్పుకోదగిన పురోగతి లేదు. శరీరంలో తుప్పు పట్టకుండ, కణాలను బాధించకుండ ఉండే లోహం దొరకలేదు. 1930 దశకంలో కోబాల్టు, క్రోమియం, మాలిబ్డినం కలిపిన విటాలియం అనే మిశ్రలోహం వచ్చినది. ఇది కూడ మొదట దంతవైద్యం కొరకే తయారైనది. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన చార్లెస్ నీర్ ఈ లోహంతోనే భుజాస్థి తలను రూపొందించినాడు.

నీర్‌ను పురికొల్పినది విరిగిన భుజాల సమస్య. పడిపోయినప్పుడు భుజాస్థి పైభాగం ముక్కలు ముక్కలుగా విరిగితే, తలకు రక్తం అందక అది చచ్చిపోతుంది. ఆనాటి వైద్యులు ఆ ముక్కను తీసివేసి ఊరుకొనేవారు. రోగికి నొప్పి మిగిలేది, చేయి వ్రేలాడేది. నీర్ ఆ తల స్థానంలో లోహపు తలను పెట్టి, తన అనుభవాలను 1955లో ప్రకటించినాడు.

తరువాత అరిగిపోయిన కీళ్లకు కూడ ఇదే పద్ధతిని విస్తరించినాడు. 1960 దశకంలో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ తుంటి కీలుకు పాలిథిలీన్ గిన్నెను, ఎముకలో బిగించడానికి ఏక్రిలిక్ సిమెంటును వాడి ఘనవిజయం సాధించినాడు. దానిని అనుసరించి 1970 దశకంలో నీర్ అంసఫలకపు గుంటకు పాలిథిలీన్ తొడుగు వేసినాడు. ఒకవైపు లోహపు తల, మరొకవైపు ప్లాస్టిక్ గుంట ఉన్న సంపూర్ణ కృత్రిమ భుజం ఈ విధంగా ఏర్పడినది.

నీర్ గొప్పదనం లోహంలో లేదు. కండరాలు బాగుగా ఉంటేనే ఈ కీలు పనిచేస్తుందని అతడు గట్టిగా చెప్పినాడు. శస్త్రచికిత్స సగం పని, తరువాత చేయించే వ్యాయామం మిగిలిన సగమని నమ్మి, వ్యాయామాల క్రమాన్ని కూడ వివరంగా రూపొందించినాడు. కండరాలు చెడిపోయినవారి కొరకు 1970 దశకంలో కొందరు మరొక ఉపాయం పన్నినారు. బంతి, గిన్నె ఊడిరాకుండ ఒకదానిలో ఒకటి బంధించి వేసినారు. అది నిలువలేదు. కండరాలు మోయవలసిన బలమంతా ఎముక మీద పడి, కొంతకాలానికి కీలు వదులైపోవడమో, విరిగిపోవడమో జరిగేది. ప్రకృతి కండరాలకు ఒప్పగించిన పనిని తాళం వేసి సాధించలేమని దీనితో తేలినది.

దూలగొండి గింజలో దొరికినది

మూడవ దారి రసాయనశాస్త్రానిది. ఈ దారిలో మన దేశపు మొక్కలు రెండు కనిపిస్తాయి.

పార్కిన్సన్ వ్యాధిలో మెదడు క్రిందిభాగాన ఉండే ఒక నల్లని పొరలోని కణాలు నశించిపోతాయని 1919లో ట్రెట్యాకాఫ్ పారిస్‌లో చూపినాడు. ఆ కణాలు ఏమి పనిచేస్తాయో అప్పటికి తెలియదు. 1957లో స్వీడన్ దేశంలో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రెసర్పిన్ అనే మందు ఇచ్చినాడు. రక్తపు పోటు తగ్గించడానికి వాడిన ఈ మందు మన సర్పగంధి వేరు నుండి తీసినది. కుందేళ్లు కదలక మెదలక పడి ఉన్నవి. వాటికి లీవోడోపా అనే పదార్థం ఇవ్వగానే లేచి తిరుగసాగినవి. మెదడులో డోపమిన్ అనే పదార్థం తరిగితే కదలికలు ఆగిపోతాయనీ, లీవోడోపా ఆ కొరతను తీరుస్తుందనీ ఈ విధంగా తెలిసివచ్చినది. ఈ పరిశోధనలకు కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమానంలో భాగం లభించినది. 1960లో వియన్నా నగరంలో హార్నికేవిచ్, ఎరింగర్ అనేవారు పార్కిన్సన్ రోగుల మెదళ్లలో డోపమిన్ చాల తక్కువగా ఉన్నదని నిరూపించినారు. 1967లో అమెరికాలో జార్జి కాట్జియాస్ డోపాను కొద్ది కొద్దిగా మోతాదు పెంచుతూ నోటి ద్వారా ఇచ్చి, కదలలేని రోగులను నడిపించగలిగినాడు.

ఈ లీవోడోపా మనకు పూర్తిగా కొత్తది కాదు. పొలాల గట్ల మీద, కంచెల మీద ప్రాకే దూలగొండి కాయను ముట్టుకొని దురదతో బాధపడని పల్లెటూరి పిల్లవాడుండడు. ఆ దూలగొండి గింజలలో ఈ పదార్థమే ఉన్నదని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపినారు. అప్పటికి దాని వైద్య ప్రయోజనం లోకానికి తెలియదు. గింజలలో ఉన్నది కదా అని వాటిని నూరి త్రాగడం మాత్రం ప్రమాదకరం; మోతాదు తెలియని మందు విషంతో సమానం.

లీవోడోపాకూ, భుజానికీ ఏమి సంబంధమని విద్యార్థులు అడుగవచ్చును. సంబంధం ఉన్నది. ఈ మందు రాక పూర్వం వ్యాధి ముదిరిన రోగులు మంచానికో, కుర్చీకో పరిమితమయ్యేవారు. వారికి కీలు మార్చే ఆలోచన ఎవరికీ కలుగదు. మందు వచ్చిన తరువాత వారు లేచి తిరిగినారు, మరింత కాలం పనులు చేసుకోగలిగినారు. తిరిగేవారే పడిపోతారు. వయస్సు పెరిగేవారికే కీళ్లు అరుగుతాయి. ఒక చికిత్స విజయం నుండియే మరొక చికిత్స అవసరం పుట్టుకొని వచ్చినది.

దారులు కలిసిన చోటు

1989లో కెనడా దేశంలోని టొరాంటో నగరపు వైద్యులు 150 మంది పార్కిన్సన్ రోగులను, వారితో పోల్చదగిన వ్యాధి లేని 60 మందిని ప్రశ్నించి, పరీక్షించి ఒక వ్యాసం ప్రకటించినారు. భుజపు బాధ ఎరిగినవారు రోగులలో నూటికి 43 మంది, ఇతరులలో 23 మంది. కీలు బిగుసుకొనిపోయే ‘గడ్డకట్టిన భుజం’ రోగులలో నూటికి 12.7 మందికి వస్తే, ఇతరులలో 1.7 మందికే వచ్చినది. అన్నిటికన్న ముఖ్యమైనది మరొకటి ఉన్నది. రోగులలో కనీసం నూటికి ఎనిమిది మందికి ఈ భుజపు బాధయే వ్యాధి మొదటి చిహ్నం. వణుకు కనబడడానికి రెండేళ్ల ముందునుండియే భుజం బిగుసుకొనిపోవచ్చునన్న మాట.

కారణం ఊహించడం కష్టం కాదు. ఆరోగ్యవంతుడు నడిచేటప్పుడు చేతులు వాటంతట అవే ఊగుతాయి. పార్కిన్సన్ వ్యాధి మొదలైనవారికి, సామాన్యంగా ఒక ప్రక్క, ఆ ఊపు తగ్గుతుంది. కండరాలు బిగుస్తాయి. శరీరం ముందుకు వంగి భుజాలు లోపలికి ముడుచుకొంటాయి. కదలని తలుపు బందు పట్టుకొనిపోయినట్లు కదలని కీలు బిగుసుకొంటుంది. దీనికి తోడు ఈ రోగులు తరచుగా పడిపోతారు. ఎముకలు కూడ గుల్లబారి ఉంటాయి. కనుక భుజాస్థి విరిగే ప్రమాదం ఎక్కువ.

అటువంటి రోగులకు నీర్ పద్ధతిలో కీలు మార్చినప్పుడు ఏమైనది? అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు తమ అనుభవాలను 1997లో ప్రకటించినారు. ఆ వ్యాసం వ్రాసినవారిలో భుజపు శస్త్రవైద్యుడైన రాబర్ట్ కోఫీల్డ్‌తో పాటు పార్కిన్సన్ వ్యాధి నిపుణుడైన ఎరిక్ ఆల్‌స్కోగ్ కూడ ఉన్నాడు. షార్కో, పేయాఁ ఒకే ఊరిలో ఉండి కలుపని రెండు విద్యలు ఇక్కడ ఒకే పుటమీద కలిసినవి.

ఫలితాలు రెండు విధాలుగా ఉన్నవి. చాలమందికి నొప్పి తగ్గినది. కాని చేయి పైకి లేవడంలో ఆశించినంత మెరుగు కనబడలేదు. కొందరిలో లోహపు తల గుంట మధ్య నుండి ప్రక్కకు జరిగినది. ఇందుకు కారణం శస్త్రచికిత్స విధానంలోనే ఉన్నది. కీలును చేరడానికి ముందువైపు కండరాన్ని విడదీసి, చివరకు దానిని మరల కుట్టుతారు. ఆ కుట్టు అతికేవరకు, వారాల తరబడి, చేయి నిలకడగా ఉండాలి. వణుకు, బిగువు ఆ కుట్టును రాత్రింబగళ్లు లాగుతూనే ఉంటాయి. విరిగిన ఎముక ముక్కలను కీలు చుట్టూ కూర్చిన సందర్భంలో కూడ ఇదే చిక్కు.

అదే క్లినిక్ నుండి 2009లో వెలువడిన మరొక వ్యాసం, ఎక్కువకాలం పరిశీలించిన తరువాత, నొప్పి తగ్గుదల నిలకడగానే ఉన్నదనీ, కాని కీలు జారడం వంటి చిక్కులు తక్కువ కాదనీ తెలిపినది. 2015లో అమెరికా వృద్ధుల వైద్య బీమా దస్తావేజులలోని వేలాది రోగుల వివరాలను పరిశీలించినవారు, పార్కిన్సన్ వ్యాధి ఉన్నవారికి కీలు తప్పడం, చీము పట్టడం, ఎముక విరగడం, రెండవసారి శస్త్రచికిత్స చేయవలసిరావడం అధికమని నిర్ణయించినారు.

తలక్రిందులైన కీలు

ఈ మధ్యలో ఫ్రాన్సు దేశంలోని దిజోఁ నగరంలో పాల్ గ్రామోఁ అనే శస్త్రవైద్యుడు సమస్యను తలక్రిందులుగా చూచినాడు. చుట్టూ ఉన్న నాలుగు కండరాల పట్టీ చినిగిపోయినవారికి చేయి లేపే కండరం డెల్టాయిడ్ ఒక్కటే మిగులుతుంది. దానిని బలవంతం చేయడం ఎట్లా? గ్రామోఁ బంతిని అంసఫలకానికి, గిన్నెను భుజాస్థికి బిగించినాడు. అనగా ప్రకృతి అమర్చినదానికి విపర్యయం.

ఇందులోని సూత్రం హైస్కూలు విద్యార్థులకు తెలిసినదే. తులాదండం మీద ఆధారం నుండి బలప్రయోగ స్థానం ఎంత దూరంగా ఉంటే అంత తక్కువ బలంతో బరువు లేపగలం. ఈ విపర్యయ కీలులో తిరుగుడు కేంద్రం శరీరం లోపలివైపుకు, క్రిందికి జరుగుతుంది. డెల్టాయిడ్‌కు భుజదండం పొడవు పెరుగుతుంది; ఆ కండరం సాగి బిగువు కూడ పొందుతుంది. కాబట్టి తక్కిన కండరాలు లేకున్నా చేయి లేస్తుంది. 1985లో ఆరంభించిన ఈ ప్రయత్నం ఫలితాలను గ్రామోఁ 1987లో ప్రకటించినాడు. మెరుగుపరచిన నమూనా 1991లో వచ్చినది. అమెరికాలో దీనికి 2003లో అనుమతి లభించినది. నేడు కండరాల పట్టీ చెడిన వృద్ధులకు, ముక్కలైన భుజాస్థికి విస్తారంగా వాడుతున్నది ఇదే.

పార్కిన్సన్ రోగులకు ఈ కీలు కొంత ఆశ కలిగించినది. కుట్టిన చిన్న కండరం అతుకుతుందా లేదా అన్నదాని మీద ఇది పూర్తిగా ఆధారపడదు. కాని ఇది కూడ సర్వరోగ నివారిణి కాదు. డెల్టాయిడ్ సైతం మెదడు ఆజ్ఞకు లోబడినదే. ఈ రోగులలో విపర్యయ కీలు కూడ తప్పవచ్చును. గుల్లబారిన అంసఫలకం విరుగవచ్చును. పడిపోతే కీలు చుట్టూ ఎముక పగులవచ్చును. పొందే మేలు నిజమైనదే. మోసే ప్రమాదం మాత్రం ఇతరులకన్న ఎక్కువ.

గడియారం చూచి చేసే చికిత్స

వెనుకటి అనుభవాలన్నీ నేర్పిన పాఠమేమంటే, ఇటువంటి రోగికి శస్త్రచికిత్స గదిలో గడిపే రెండు గంటలకన్న దానికి ముందు వెనుకలు ముఖ్యమైనవి. ముందుగా నాడీవైద్యుడు రోగిని చూచి మందుల మోతాదు సరిచేయాలి. లీవోడోపా ప్రభావం చాల కొద్దికాలం. సుమారు గంటన్నరలో రక్తంలోని మందు సగానికి తరిగిపోతుంది. శస్త్రచికిత్స పేరుతో దానిని ఎక్కువసేపు మానిపిస్తే కండరాలు కొయ్యవలె బిగుసుకొంటాయి. మ్రింగడం, ఊపిరి తీయడం కూడ కష్టమవుతాయి. కనుక సాధ్యమైనంతవరకు రోగి ఇంటివద్ద వేసుకొనే వేళకే ఆసుపత్రిలోను మందు అందాలి.

వాంతులకు సాధారణంగా ఇచ్చే మెటొక్లోప్రమైడ్, కలవరింతకు ఇచ్చే హాలోపెరిడాల్ డోపమిన్ పనిని అడ్డగిస్తాయి. ఇతరులకు మంచి చేసే ఈ మందులు పార్కిన్సన్ రోగికి కీడు చేస్తాయి. 1987లో ఫ్రాన్సులో ఆరంభమైన పద్ధతి ప్రకారం కొందరి మెదడులో విద్యుత్ ప్రేరణ కలిగించే తీగలు అమర్చుతున్నారు. దాని బ్యాటరీ సామాన్యంగా జత్రుక ఎముక క్రింద, చర్మం లోపల ఉంటుంది. భుజానికి కోత పెట్టే చోటుకు అది చాల సమీపం. రక్తం ఆపడానికి వాడే విద్యుత్ పరికరం దానిని పాడు చేయకుండ ముందే జాగ్రత్త పడవలసి ఉన్నది. ఇవన్నీ కీలు గురించిన విషయాలు కావు. కాని వీటిలో ఏది తప్పినా కీలు నిలువదు.

ఇంతకూ ఈ శస్త్రచికిత్స ఫలించినదని ఎప్పుడు చెప్పాలి? నీర్ కాలంలో చేయి ఎన్ని డిగ్రీలు లేచినదని కొలిచేవారు. ఆ కొలబద్దతో చూస్తే పార్కిన్సన్ రోగులలో చాలమంది తప్పినట్లే లెక్క. కాని ఆ ప్రక్కకు తిరిగి పడుకోలేక ఏళ్ల తరబడి నిద్రకు దూరమైనవాడు నొప్పి లేకుండ నిద్రపోతే, ఒకరు తినిపించవలసినవాడు తన చేతితో తాను తింటే, దానిని వైఫల్యమనడం న్యాయమా? అందుచేతనే శస్త్రచికిత్సకు ముందు వైద్యుడు రోగికీ, ఇంటివారికీ ఏది ఆశించవచ్చునో, ఏది ఆశించరాదో స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. నొప్పి తగ్గుతుందని ఆశించవచ్చును. యౌవనం నాటి చేయి తిరిగి వస్తుందని ఆశించరాదు. కొందరికి శస్త్రచికిత్స లేకుండ మందులు, వ్యాయామాలతో గడపడమే మేలు కావచ్చును.

ఈ చరిత్ర నుండి ఉపాధ్యాయులు, విద్యార్థులు గ్రహించవలసినది మరొకటి ఉన్నది. ఇంటిలో పెద్దవారికి భుజం పట్టుకొనిపోతే అది పార్కిన్సన్ వ్యాధియేనని భయపడనక్కరలేదు. మధుమేహం మొదలు చాల కారణాలుంటాయి. కాని ఆ నొప్పితోపాటు నడిచేటప్పుడు ఒక చేయి ఊగకపోవడం, వ్రాత నానాటికి చిన్నదైపోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి మునుపటికన్న ఎక్కువసేపు పట్టడం వంటివి కనబడితే నాడీవైద్యుని వద్దకు తీసుకొని వెళ్లడం మంచిది. చేతివ్రాతలో మార్పును ఉపాధ్యాయుని కన్నా త్వరగా గుర్తించగలవారెవరు? 1817లో జేమ్స్ పార్కిన్సన్ చేసినది కూడ అదే. ఎదుట నడిచిపోయే మనిషిని శ్రద్ధగా చూచినాడు. అందుకు ఖరీదైన పరికరాలేవీ అవసరం లేదు.